వేట లేని రోజుల నంబరు

ఏప్రిల్ 16, బుధవారం
ప్రోటీన్ 2.4

ఈ అంకెను గోడ క్యాలెండరు మీద రాద్దామనుకున్నాను. రాస్తే మా ఆయన చూసి, "ఆఫీసు లెక్కలు ఇంట్లో ఎందుకు" అంటాడు. ఇది ఆఫీసు లెక్క కాదు, మా అన్నయ్య దొరబాబు మూత్రంలో పోతున్న ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి సున్నా పక్కనే ఎక్కడో ఉండాలి.

నిన్నటి నుంచి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం కాబట్టి జూన్ పద్నాలుగు దాకా బోట్లు కదలవు. చివరి ట్రిప్పు ముగించుకుని అన్నయ్య హార్బర్‌లో దిగాడో లేదో, ఆ కాళ్ళవాపు చూసి నేనూ వదినా చెరో చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళాం. ఇరవై ఏళ్ళుగా బోటుకి సరంగు. చుక్కాని అతని చేతిలోనే ఉంటుంది, ఎటు వెళ్ళాలో ఎప్పుడు తిరగాలో అతనే చెప్తాడు. తుఫానులోంచి బోటును తిప్పుకొచ్చిన మనిషి సూదిని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళలో డయాలసిస్ తప్పదు అన్నాడు డాక్టరు. రోజూ రాత్రి ఒక బిళ్ళ వేసుకోమని నిషేధం అయ్యేదాకా సరిపడా ఇచ్చాడు. నడుంనొప్పికి ఏమైనా వాడుతున్నావా అని అడిగితే అన్నయ్య "ఎప్పుడైనా" అన్నాడు.

ఆటోలో వదిన దేవి నా చెవి దగ్గరకి వంగింది. "ఈ నంబరు ఎంతకి దిగితే పర్నేదు మహేశ్వరీ?"

నోరు ఊరుకుంటుందా నాకు. "ఒకటిన్నరకి దిగితే కాస్త ఊపిరి పీల్సుకోవచ్చు వదినా."

వదిన అన్నయ్య వైపు తిరిగింది. "ఇన్నావా? ఒకటిన్నరకి దిగితేనే సంద్రం మీదకి. నేదంటే బోటు తాడు కూడా ముట్టుకోనివ్వను."

అన్నయ్య నన్ను ఒక చూపు చూశాడు. నేను ఆటో బయట ఉన్న బోర్డులన్నీ శ్రద్ధగా చదువుకున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

అన్నయ్య ఒకసారి అడిగాడు. "నువ్వు డాక్టరువి కాదు, మందులు సేసీదానివి కాదు. మరి ఆ పరిశోధనోళ్ళకి నీతోటి ఏటి పని?" లెక్కలు కట్టడం అన్నాను. దానికి జీతం ఇస్తారా అని చాలాసేపు నవ్వాడు.

ఈ వారం నుంచి కొత్త లెక్క. మా అనూరాధ మేడమ్ కిడ్నీ డాక్టరు, మా పరిశోధనకి పెద్ద. ఆవిడ ప్రశ్న వినడానికి సులువు. ఒక మందు మనిషిని డయాలసిస్ నుంచి కాపాడుతుందో లేదో తెలియాలంటే ఏళ్ళ తరబడి ఆగాలి. అంతకాలం ఆగకుండా, కొన్ని నెలల్లోనే కనిపించే ఒక గుర్తును, అంటే మూత్రంలో ప్రోటీన్‌ను చూసి, మందు గట్టిదని చెప్పేయొచ్చా? ఆ గుర్తు అసలు ఫలితం కుర్చీలో కూర్చోవడానికి తగినదేనా?

ప్రోటీన్ తక్కువున్నవాళ్ళు ఎక్కువకాలం బాగుంటారు. అది అందరికీ తెలిసిందే. కానీ అదొక్కటే సరిపోదు. ఏ మందు ప్రోటీన్‌ను ఎక్కువ తగ్గించిందో, ఆ మందే డయాలసిస్‌ను కూడా ఎక్కువ ఆపిందా అన్నది చూడాలి. అందుకే పాత అధ్యయనాలన్నీ పోగేస్తున్నాను. ఒక్కో అధ్యయనం కాగితం మీద ఒక్కో చుక్క. చుక్కలు ఒక గీత వెంట వరసగా నిలబడితే గుర్తును నమ్మొచ్చు. చెల్లాచెదురుగా ఉంటే నమ్మకూడదు.

అన్నయ్య బిళ్ళ కూడా ఈ జాతి మందే. మేడమ్‌కి ఆ సంగతి చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం ఏముంది?

ఏప్రిల్ 23

చుక్కలు గీత మీద పడితే బాగుండును.

మే 5, సోమవారం

ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే గోపాలపట్నం బస్సు ఎక్కకుండా నేరుగా అన్నయ్యవాళ్ళుండే పెదజాలరిపేట వెళ్ళాను. అన్నయ్య తాటాకు పాక నీడలో వల బాగుచేస్తున్నాడు. పక్కన నీళ్ళ బిందె. కాళ్ళవాపు చాలా తగ్గింది. మొహంలో కళ వచ్చింది. వదిన ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఉప్పు తగ్గించి వండుతోందట, తినేవాళ్ళందరి మొహాలూ చప్పగా ఉన్నాయి.

"బిళ్ళలున్నాయా?" అన్నాను.

"ఉన్నాయి సెల్లీ, బద్రంగా ఉన్నాయి."

బంగాళాఖాతంలో అల్పపీడనమట, పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక గుర్తు ఎగరేశారు. దాన్నే పోలికగా తీసుకుని నా పని గురించి చెప్పాను. తుఫాను పోయింది కాబట్టి ఆ గుర్తును దించితే సంతోషమే. ఎవడో పోర్టు మేడెక్కి తాడు లాగి దించేస్తే మాత్రం సముద్రానికి ఏమీ తెలియదు. మందు తుఫానును ఆపుతోందా, గుర్తును మాత్రమే దించుతోందా అని కనిపెట్టడమే నా ఉద్యోగం అన్నాను.

"అయితే నువ్వు ఆ తాడు కాడ కాపలా అన్నమాట," అన్నాడు. "పోర్టోడు మీవోళ్ళకంటే ఎక్కువ జీతమిత్తాడే, అడిగి సూడు."

ఇంత హాయిగా నవ్వే మనిషికి జబ్బేమిటి.

మే 16, శుక్రవారం
ప్రోటీన్ 1.9

దిగింది. దిగింది దిగింది దిగింది.

ఆసుపత్రి వరండాలోనే అన్నయ్య భుజం మీద ఒక్కటి వేశాను. "సూసావా, మందు పని సేత్తంది." అతను ఏదో అనబోయి ఊరుకున్నాడు. సంతోషంతో మాట రాలేదనుకున్నాను. వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వెంటనే "ఇంకా ఒకటిన్నర కానేదు" అంది.

మే 17

ఇదే వేగంతో దిగితే జూన్ పదిహేనుకల్లా 1.4. గీత గీసి చూశాను. రెండు చుక్కల మధ్య గీత ఎవరైనా గీస్తారు, నాకూ తెలుసు. అయినా గీశాను.

మే 28, బుధవారం

చుక్కలన్నీ వచ్చాయి. చెప్పుకోదగ్గ వరస ఉంది, నేను కోరుకున్నంత లేదు. ముఖ్యంగా ఒక చుక్క ప్రాణం తీస్తోంది. ఆ అధ్యయనంలో మందు ప్రోటీన్‌ను బ్రహ్మాండంగా తగ్గించింది. డయాలసిస్ దగ్గరకొచ్చేసరికి మందు వేసుకున్నవాళ్ళకీ వేసుకోనివాళ్ళకీ తేడా లేదు.

ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టి చూశాను. గీత ఎంత అందంగా వచ్చిందో. ఆ అధ్యయనంలో మనుషులు కాస్త పెద్దవయసువాళ్ళు. కొలిచిన పద్ధతి కూడా కొంచెం వేరు. పక్కన పెట్టడానికి కారణాలు లేకపోలేదు.

ఆ చుక్క ఉన్నదీ లేనిదీ, రెండు బొమ్మలూ మేడమ్ చూశారు. ఆవిడ గొంతు పెంచరు, అదే కష్టం. "ఈ కారణం లెక్క మొదలుపెట్టకముందు రాసుకున్నావా, చుక్క చూశాక తట్టిందా?"

"చూశాకే మేడమ్."

"సరే. ఆలోచించి చెప్పు. తొందరేం లేదు."

తొందరేం లేదనడం కంటే తిట్టినా బాగుండేది. బస్సులో గాజువాక ఫ్యాక్టరీల షిఫ్టు దిగిన జనం మధ్య ఒంటికాలి మీద నిలబడి మేడమ్ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

జూన్ 7, శనివారం
ప్రోటీన్ 1.3

ఒకటిన్నర దాటి కిందకి వచ్చేసింది. వదిన పెట్టిన చట్టం ప్రకారం సముద్రానికి దారి దొరికినట్టే. వదిన పేటంతా వినిపించేలా చెప్పింది. అన్నయ్య బోటుకి నీలం రంగు వేయించాడు, బోటు మీద పనిచేసే కలాసీలకి కబురు పెట్టాడు. నాకు వంజరం ముక్కలు వేయించి పెట్టారు. నిషేధంలో ఎక్కడ దొరికిందని అడగలేదు, ఐసు పెట్టెలోది అయి ఉంటుంది.

ఇంటికొచ్చి ఆ అందమైన గీతను మళ్ళీ తెరిచాను. చూడు మహేశ్వరీ, మందు పనిచేస్తోంది. మీ ఇంట్లోనే పనిచేస్తోంది. ఆ పాడు చుక్క ఒక్కటీ ఏదో పొరపాటు. సోమవారం మేడమ్‌కి అదే చెప్తాను.

జూన్ 9

చెప్పలేదు. మేడమ్ సెలవు. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియదు.

జూన్ 12, గురువారం

పొద్దున్నే వదిన ఫోను. "ఒకపాలి రా మహేశ్వరీ. నాను సెప్తే అర్తం కాదు, నీ కల్లతోటి సూడు."

బోటు మీద ఒక రేకు పెట్టె ఉంటుంది. ఇంజిన్ సామాను, టార్చి బ్యాటరీలు, అగ్గిపెట్టెలు, అన్నీ అందులోనే. నిషేధం రోజుల్లో ఆ పెట్టె ఇంటికొస్తుంది. మొదటి ట్రిప్పుకి టీపొడి, పంచదార సర్దుదామని వదిన మూత తీసింది. లోపల రబ్బరు బ్యాండు వేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, బిళ్ళల అట్టలు. ఒక్క అట్ట కూడా చిరగలేదు. డాక్టరు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

అన్నయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదేటి?" అన్నాను.

"మందు."

"మందని తెలుసు. ఎందుకేసుకోనేదు?"

"ఏసుకుంతాను. పదిహేనో తారీకు నుంచి." మంచం మీద తాపీగా కూర్చున్నాడు. "యేట నేని రోజుల్లో ఎందుకు కర్సు సేసుకోడం? ఇంజినాపేసినాక ఆయిలు పోత్తామేటి? ఐసు, డీజిలు, మంచినీలు, మందు, అన్నీ సంద్రం మీదకే. ఒళ్ళు పనిసేసినప్పుడు కదా కిడ్నీకి కట్టం. ఇక్కడ కూకుని తింతన్నోడికి మందెందుకు?"

నిషేధం కాలంలో ఇక్కడ ఏదీ వాడరు. డీజిలు డ్రమ్ము మూత తీయరు, కొత్త తాడు విప్పరు. బిళ్ళలను కూడా అతను బోటు సామాను కింద జమకట్టేశాడు. ఎన్నిసార్లు ఆ ఇంట్లో అన్నం తిన్నాను, ఒక్క రాత్రీ ఎదురుగా వేసుకోమని అడగలేదు.

"మరి నంబరెలా దిగినాది?"

"నాకేటి తెలుసు? మందు పని సేత్తందని నువ్వే కదా అన్నావు. ఆ రోజు నీ మొగం సూసి కాదనలేకపోనాను."

వదిన పెట్టె అడుగున ఇంకో పొట్లం తీసింది. దాదాపు ఖాళీ అయింది. నడుంనొప్పి బిళ్ళలు. "ఇయ్యి మాత్రం అయిపోనాయే."

"అయ్యి పాతయి. సంద్రం మీద పూటకొకటి ఏసుకుంటాను. వల లాగినాక నడుం నిలబడదు కదా. ఒడ్డు మీద లాగుడేటి, నొప్పేటి? రెండు నెలలై వాటిని ముట్టుకోనేదు."

పూటకొకటి. ఇరవై ఏళ్ళు. డాక్టరు దగ్గర ఇదే "ఎప్పుడైనా" అయింది.

నాకు ఒళ్ళు మండింది. అతన్ని కొట్టాలనిపించింది. ఆ తర్వాత కళ్ళనీళ్ళు వచ్చాయి. నా మొహం చూసి కాదనలేకపోయాడట.

జూన్ 13, శుక్రవారం

అన్నయ్యను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈసారి పొట్లాలు రెండూ బల్ల మీద పెట్టాను. డాక్టరు బిళ్ళల అట్టలు చూసి కోప్పడ్డాడు, నొప్పి బిళ్ళల పొట్లం చూసి ఇంకా కోప్పడ్డాడు. తర్వాత రిపోర్టులన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఒక రకంగా మంచి కబురే," అన్నాడు చివరికి. "విశ్రాంతి, నీళ్ళు, ఉప్పు తగ్గడం, ఆ నొప్పి బిళ్ళలు మానడం. వీటికే ఇంత దిగిందంటే కిడ్నీలో ఇంకా సత్తువ ఉంది. బ్లడ్ టెస్టు కూడా నిలకడగా ఉంది. ఇప్పుడు దీనికి మందు తోడవ్వాలి. నొప్పి బిళ్ళ మాత్రం మళ్ళీ నోట్లో పెట్టకు."

"వేటకి ఎల్లొచ్చా బాబూ?" అన్నాడు అన్నయ్య.

"రోజుల తరబడి సముద్రం మీద ఉండి, వల లాగి, నొప్పి బిళ్ళ లేకుండా ఉండగలవా?"

అన్నయ్య చెయ్యి నడుం మీదకి వెళ్ళింది.

మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళి ఆ చుక్కను తిరిగి దాని చోట పెట్టేశాను. అందమైన గీత వంకరపోయింది. మేడమ్‌కి అన్నయ్య సంగతి మొదటి నుంచీ చెప్పాను. 1.3 చూసి మందు గొప్పదనుకున్నాను, మందు అట్ట విప్పనే లేదు అన్నాను. ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, టీ తెప్పించారు.

"ఇప్పుడు నీ జవాబు?"

"గుర్తు సగం దూరం వస్తుంది మేడమ్. మందు దారిలో ఉందో లేదో తొందరగా చూసుకోవడానికి పనికొస్తుంది. డయాలసిస్ ఆపుతుందని దీన్ని చూసి మాట ఇవ్వలేం. మనుషుల్ని చివరిదాకా చూడాల్సిందే."

"ఇదీ జవాబే," అన్నారు. "ఇలాగే రాయి."

రాశాను. రాస్తుంటే తేలిగ్గా ఉంది. పరాయివాళ్ళ విషయంలో ఇంత జాగ్రత్త పడేదాన్ని, సొంత అన్నయ్యకి ఆటోలో కూర్చుని ఒక అంకె చెప్పేశాను.

జూన్ 14, శనివారం

ఆ ఒకటిన్నర చట్టాన్ని నేనే రద్దు చేయాలి కదా. వెళ్ళాను.

వదిన గుమ్మంలోనే అంది. "నంబరు ఒకటీ మూడు కదా. ఎల్లనీ మరి. నువ్వే సెప్పినావు."

"నాను సెప్పింది తప్పు వదినా. ఆ నంబరు ఒడ్డు మీద కూకున్న మనిసిది. వల లాగే మనిసిది కాదు. దాన్ని సూసి సంద్రం మీదకి పంపలేం."

"అయితే ఏ నంబరు సూసి పంపాలి?"

నా దగ్గర నంబరు లేదు. అదే చెప్పాను. వదిన నన్ను కన్నార్పకుండా చూసింది. అన్నీ తెలిసిన ఆడపడుచు తెల్లమొహం వేయడం ఆవిడకి కొత్త.

అన్నయ్య గోడకి ఆనుకుని అంతా విన్నాడు. వింటున్నంతసేపూ అరచేయి చూసుకుంటున్నాడు. చుక్కాని పట్టి పట్టి ఆ చేతికి కాయలు కాశాయి. బోటు వదిలితే ఎవరో అతని చోట నిలబడతారు, పేటలో సరంగు అన్న పిలుపు కూడా అటే పోతుంది. వెళ్తానంటే ఆపే మాట నా దగ్గర లేదు.

"నాగబాబుని పిలు," అన్నాడు వదినతో.

నాగబాబు ఇన్నేళ్ళూ అన్నయ్య పక్కనే పనిచేసినవాడు. వచ్చాక అన్నయ్య రేకు పెట్టె అతని ముందుకి జరిపాడు. "బావా, ఈ పాలి బోటు నువ్వట్టుకెల్లు."

"నువ్వో?"

"పెదమావ ఫైబరు పడవ కాలీగుంది. పొద్దున్న ఎల్లి మద్దేనానికి వొచ్చీడమే. సిన్న వల. నడుం పట్టీసిన రోజు ఎల్లను, అంతే."

నాగబాబు పెట్టె ముట్టుకోలేదు. "నీ బోటు బావా."

"బోటెక్కడికి పోద్ది? నాను కుదురుగుంటే మళ్ళా ఎక్కుతాను. ముందు మందు తియ్యి అందులోంచి, అది నాది." నొప్పి బిళ్ళల పొట్లాన్ని వదిన అప్పటికే పొయ్యిలో పడేసింది.

జూన్ 15, ఆదివారం

పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాం. బోట్లన్నీ పసుపు కుంకాలతో, పూలదండలతో ఒకదాని వెనక ఒకటి కదిలాయి. కొత్త నీలం రంగు బోటు జెట్టీ దాటేటప్పుడు నాగబాబు మా వైపు చూసి చెయ్యి ఎత్తాడు. అన్నయ్య కూడా ఎత్తాడు. బోటు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"ఎడం పక్కకి ఎక్కువ తిప్పేత్తన్నాడు ఎదవ," అన్నాడు అన్నయ్య.

నిన్న రాత్రి మొదటి బిళ్ళ వేసుకున్నాడని వదిన చెప్పింది. నోరు తెరిపించి చూసిందట.

జూన్ 30

ఫైబరు పడవలో కానాగంతలు బాగా పడ్డాయి. ఫోనులో చేపల సంగతే చెప్పాడు. నేనూ చేపల సంగతే అడిగాను.

జూలై 16, బుధవారం
ప్రోటీన్ 1.6

పెరిగింది.

రిపోర్టు చేతిలో పట్టుకున్న వదిన మొహం పాలిపోయింది. ఆవిడకి ఒకటిన్నర ఇంకా గుర్తుంది. "మందేసుకున్నా పెరిగిపోనాదేటి?"

"మంచి నంబరు వదినా ఇది," అన్నాను. ఆసుపత్రి వరండాలో, జనం మధ్య, ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాను. ఒకటీ మూడు, కదలకుండా కూర్చున్న అన్నయ్యది. దాన్ని ఇవాళ్టితో పోల్చకూడదు. ఏప్రిల్‌లో చివరి ట్రిప్పు దిగి వచ్చినప్పుడు చూశాం కదా, అది పనిచేసి వచ్చిన మనిషిది. అప్పుడు రెండూ నాలుగు. ఇవాళ కూడా పొద్దున్న వల లాగి, ఉప్పునీళ్ళ చేతులతోనే వచ్చాడు. ఇవాళ ఒకటీ ఆరు. ఆ మనిషిని ఈ మనిషితో పోల్చాలి.

వదిన మనసులో లెక్క కట్టుకుంటోంది. పెదవులు కదలడం చూశాను. మెల్లగా మొహం విప్పారింది.

ఇందులో బిళ్ళ ఎంత చేసింది, నొప్పి బిళ్ళ మానడం ఎంత చేసింది, చిన్న పడవ ఎంత చేసింది, ఒక్క మనిషిని చూసి చెప్పలేను. అడిగినా చెప్పను. నా నోరు కొంచెం అదుపులోకి వచ్చింది.

డాక్టరు కూడా సంతోషించాడు. బ్లడ్ టెస్టు అలాగే నిలకడగా ఉందట. ఇలాగే సాగితే డయాలసిస్ మాట చాలాకాలం ఎత్తనక్కర్లేదేమో అన్నాడు. ఆ "ఏమో"ను నేను చెరపకుండా ఇక్కడ రాస్తున్నాను.

మెట్లు దిగుతుంటే అన్నయ్య అడిగాడు. "అయితే నాకు నయమైనట్టా, కానట్టా? ఒక్క మాట సెప్పు."

"ఐదేళ్ళాగి సెప్తాను."

"ఐదేళ్ళా?" ఆగి, నా వైపు తిరిగాడు. ఎన్నాళ్ళకో అలా నవ్వడం చూశాను. "అంటే ఐదేళ్ళుంటానన్నమాట. ముందది సెప్పవేటి మరి."

ముగ్గురం మెట్ల మీదే నవ్వాం. తర్వాత మా ఇంటికి కానాగంతలు ఇచ్చి పంపారు. నిండా ఐసు వేశారు, గోపాలపట్నం చేరేదాకా బస్సులో ఒళ్ళంతా తడిసింది.